ఆరు గంటల బొగ్గు: బొంబాయి–సూయజ్ తపాలా ఓడ హ్యూ లిండ్సే

1830 మార్చి నెలాఖరున అరేబియా దక్షిణ తీరంలోని ఏడెన్ రేవులోకి ఒక పొగ ఓడ వచ్చి లంగరు వేసింది. పేరు హ్యూ లిండ్సే. బొంబాయిలో బయల్దేరి అప్పటికి పదకొండు రోజులు. ఓడలో మిగిలిన బొగ్గు ఇంకో ఆరు గంటలకు మాత్రమే వస్తుంది. ఎదురుగాలి ఒక్క పూట గట్టిగా వీచి ఉంటే ఆ ఓడ అరేబియా సముద్రం మధ్యలో పొయ్యి ఆర్పేసి, తెరచాపలు ఎత్తి, గాలి ఎటు తోస్తే అటు పోవాల్సి వచ్చేది.

ఇండియా నుంచి ఎర్ర సముద్రం మీదుగా ఆవిరి బలంతో తపాలా మోసిన మొదటి ప్రయాణం ఇదే. పుస్తకాల్లో దీనికి ఒక్క వాక్యం దక్కుతుంది: 1830లో బొంబాయి నుంచి సూయజ్‌కి ఆవిరి ఓడ వెళ్లింది, ఉత్తరాలు త్వరగా చేరడం మొదలైంది. మొదటి సగం నిజం. రెండో సగం నిజం కావడానికి ఇంకో ఏడెనిమిదేళ్లు పట్టింది. ఓడ ఉంది, నడిపే మనుషులు ఉన్నారు, దారి కూడా తెలిసిపోయింది. అయినా తపాలా ఎందుకు కదల్లేదన్నది నాకు చాలాకాలంగా ఆసక్తి ఉన్న విషయం. జవాబు ఓడ వేగంలో లేదు. బొగ్గులో ఉంది.

ముందు ఆ రోజుల్లో ఉత్తరం అంటే ఏమిటో చెప్పుకోవాలి. బొంబాయిలోనో మద్రాసులోనో రాసిన ఉత్తరం ఆఫ్రికా దక్షిణ కొనను చుట్టి లండన్ చేరడానికి నాలుగు నుంచి ఆరు నెలలు, గాలులు అనుకూలించకపోతే ఇంకా ఎక్కువ. జవాబు వచ్చేసరికి ఏడాది తిరిగిపోయేది. 1832–33లో గుంటూరు సీమను ఊడ్చేసిన కరువును మన పెద్దలు నందన కరువు అన్నారు, డొక్కల కరువు అన్నారు. ఊళ్లు ఖాళీ అయిపోతున్నాయని మద్రాసు నుంచి ఎవరైనా ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లకు రాస్తే, ఆ కాగితం ఆఫ్రికాను చుట్టి వెళ్లే కేప్ దారిన లండన్‌లో బల్ల మీదికి చేరేలోపు ఒక పంట కాలం దాటిపోతుంది. ఉత్తరం ఆలస్యం అన్నది అప్పట్లో వ్యాపారుల ఇబ్బంది మాత్రమే కాదు.

దగ్గర దారి అందరికీ తెలుసు. బొంబాయి నుంచి ఎర్ర సముద్రం చివరన సూయజ్, అక్కడి నుంచి ఒంటెల మీద ఎడారి దాటి కైరో, నైలు నది మీదుగా అలెగ్జాండ్రియా, తర్వాత మధ్యధరా సముద్రం. కాకపోతే ఎర్ర సముద్రం తెరచాప ఓడకు పరమ కష్టమైన చోటు. సన్నటి నీటి దారి, రెండు పక్కలా పగడపు దిబ్బలు. ఉత్తర భాగంలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలి ఉత్తరం నుంచే వీస్తుంది, అంటే సూయజ్‌కి పోయే ఓడకు ఎదురుగా. ఇంత ఇరుకులో గాలికి అడ్డంగా అటూ ఇటూ తిప్పుకుంటూ వెళ్లాలంటే వారాలు పట్టేది. గాలితో పని లేని ఓడ కావాలి. అంటే ఆవిరి ఓడ.

ఆ ఓడను బొంబాయి డాక్‌యార్డులోనే కట్టారు. వాడియా వంశానికి చెందిన నౌరోజీ జంషెడ్జీ అప్పుడు అక్కడ ప్రధాన నిర్మాత. టేకు చెక్కతో కట్టి 1829లో నీటిలోకి దింపారు. 411 టన్నులు, 140 అడుగుల పొడవు. ఇంజన్లు రెండు, ఒక్కోటి 80 గుర్రాల శక్తి, లండన్‌లో మాడ్‌స్లే కార్ఖానాలో చేసి పంపినవి. పేరు కంపెనీ డైరెక్టర్లలో ఒకరిది. ఆ డైరెక్టర్ల సభే తర్వాత ఈ ఓడ ఖర్చులు చూసి అభ్యంతరం చెప్పింది.

ఇక్కడ ఒక చిక్కుముడి విప్పాలి. ఉత్తరాలు మోసే ఓడ నౌకాదళంలో ఎందుకుంది? బొంబాయిలో ఈస్టిండియా కంపెనీకి సొంత నౌకాదళం ఉండేది. బాంబే మెరైన్ అనేవారు, అదే 1830లో దాని పేరు ఇండియన్ నేవీ అయింది. సముద్రపు దొంగలను తరమడం, తీరాలను కొలిచి పటాలు గీయడం, కంపెనీ అధికారులను చేరవేయడం దాని పని. ఆవిరి ఓడ కొనగల డబ్బు, నడపగల అధికారులు, దారిలో రేవుల వాళ్లతో మాట్లాడగల పలుకుబడి ఉన్నది దానికే. లాభం వస్తుందో రాదో తెలియని పనికి ప్రైవేటు వ్యాపారి ముందుకు రాడు. పైగా బొంబాయి గవర్నర్ సర్ జాన్ మాల్కం దీని మీద పట్టుదలగా ఉన్నాడు, ఆయన తమ్ముడు చార్లెస్ మాల్కం ఆ నౌకాదళానికే పెద్ద. 1798లో హైదరాబాదు రెసిడెన్సీలో అసిస్టెంటుగా ఉండి, నిజాం కొలువులోని ఫ్రెంచి దళాన్ని రద్దు చేసిన వ్యవహారంలో పాల్గొన్న మాల్కమే ఈయన. లండన్ నుంచి సరైన అనుమతి వచ్చేదాకా ఆగకుండా ఓడను పంపించేశారు.

ఓడను మొదట ఐదున్నర రోజులకు సరిపోయే బొగ్గు పట్టేలా కట్టారు. బొంబాయి నుంచి ఏడెన్ సుమారు 1,640 సముద్రపు మైళ్లు. పదకొండు రోజులు పట్టింది కాబట్టి లెక్క వేస్తే గంటకు ఆరు సముద్రపు మైళ్ల పైచిలుకు, మన లెక్కలో పదకొండు కిలోమీటర్లు. సైకిలు మీద తీరిగ్గా వెళ్లే మనిషి వేగం. ఆ వేగంతో ఐదున్నర రోజుల బొగ్గుతో సగం దూరం మాత్రమే వస్తుంది. దారి మధ్యలో బొగ్గు దొరికే చోటు లేదు. అందుకని కమాండర్ జాన్ విల్సన్ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ బొగ్గు వేయించాడు. కొట్లు నిండాక ప్రయాణికుల గదుల్లో, ఆ తర్వాత పై డెక్కు మీద. ప్రయాణికులకు, సరుకుకు చోటే మిగల్లేదు. ఇవాళ ఎలక్ట్రిక్ కారులో హైదరాబాదు నుంచి విశాఖకు బయల్దేరేవాళ్లకు దారిలో ఛార్జింగ్ స్టేషన్ ఉంటుందో లేదో అని ఒక టెన్షన్ ఉంటుంది. విల్సన్‌కు ఆ టెన్షన్ పదకొండు రోజులు.

బొగ్గు ఎక్కువ వేస్తే ఇంకో సమస్య వస్తుంది, అది తెడ్డు చక్రాల ఓడకే ప్రత్యేకం. ఓడకు రెండు పక్కలా రెండు పెద్ద చక్రాలు, వాటి అంచున వరసగా తెడ్డు పలకలు. చక్రం అడుగు భాగం మాత్రమే నీటిలో మునిగి, పలక నీటిని వెనక్కి నెట్టాలి. అప్పుడే ఓడ ముందుకు పోతుంది. హ్యూ లిండ్సే ఆ బరువుకు మామూలు కంటే దాదాపు రెండడుగులు ఎక్కువ లోతుకు దిగింది. చక్రాలు అవసరానికి మించి మునిగాయి. దాంతో పలక నీటిలోకి దిగేటప్పుడు నీటిని కిందికి అణచడం, పైకి లేచేటప్పుడు నీటిని ఎత్తడం మొదలుపెడుతుంది. ఇంజన్ శక్తిలో పెద్ద భాగం నీళ్లు తోడటానికే పోతుంది. మొదటి రోజుల్లో బొగ్గు అందుకే ఎక్కువ కాలుతుంది, వేగం తక్కువ. రోజులు గడిచి బొగ్గు తరిగే కొద్దీ ఓడ తేలికై పైకి లేస్తుంది, చక్రం బాగా పట్టు దొరికే ఎత్తుకు వస్తుంది. ఇంకా తరిగితే పలకలు నీటికి అందకుండా పోతాయి. పదకొండు రోజుల ప్రయాణంలో చక్రాలు సరైన లోతులో ఉండేది మధ్యలో కొన్ని రోజులే. అలలకు ఓడ ఒక పక్కకు ఒరిగితే ఒక చక్రం పూర్తిగా మునిగి, రెండోది గాలిలో తిరుగుతుంది. ఇంజన్ మీద, ఇరుసు మీద ఎంత ఒత్తిడో ఊహించవచ్చు.

ఇంజన్ సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ కాలపు ఓడ బాయిలర్లలో ఆవిరి ఒత్తిడి మన వంటింటి ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేటప్పుడు ఉండే ఒత్తిడిలో మూడో వంతుకు మించేది కాదు. అంత తక్కువ ఒత్తిడితో ఓడ ఎలా కదిలింది? అసలు పని ఆవిరి నెట్టడం వల్ల కాదు, ఆవిరి మాయమవడం వల్ల జరిగేది. సిలిండర్లోంచి వచ్చిన ఆవిరిని ఒక పెట్టెలోకి పంపి దాని మీద చల్లటి సముద్రపు నీరు చిమ్మేవారు. ఆవిరి క్షణంలో నీరై కుంచించుకుపోయి ఆ చోటు దాదాపు శూన్యం అవుతుంది. పిస్టన్‌కు ఒక పక్క ఆవిరి, రెండో పక్క శూన్యం. ఆ తేడాయే చక్రాలను తిప్పింది.

చిక్కంతా ఆ చిమ్మిన నీటిలో ఉంది. అది ఉప్పు నీరు. చల్లబడిన ఆవిరి దానితోనే కలిసిపోతుంది, ఆ మిశ్రమమే తిరిగి బాయిలర్లోకి వెళ్తుంది. నీరు ఆవిరై పోయేకొద్దీ ఉప్పు బాయిలర్లో మిగిలిపోతుంది. బోరు నీళ్లు రోజూ కాచే గిన్నె అడుగున తెల్లటి పెంకు కట్టడం మనలో చాలామంది చూసే ఉంటారు. బాయిలర్ లోపలి గోడలకు అదే పెంకు, ఇంకా మందంగా కడుతుంది. పెంకు కట్టిన చోట వేడి నీటికి అందదు, ఇనుము మాత్రం కాలిపోతుంది. దాన్ని ఆపాలంటే బాగా ఉప్పెక్కిన వేడి నీటిని మధ్యమధ్యలో సముద్రంలోకి వదిలేసి కొత్త నీరు పట్టాలి. కష్టపడి బొగ్గు కాల్చి వేడి చేసిన నీటిని అలా పారబోయాల్సిందే. రేవుకు చేరాక నిప్పు ఆర్పి, బాయిలర్ చల్లారేదాకా ఆగి, మనిషి లోపలికి దూరి ఆ పెంకును సుత్తితో, ఉలితో కొట్టి తీయాలి. 1860ల్లో ఆవిరిని ఉప్పు నీటితో కలపకుండా గొట్టాల మీద చల్లార్చే పద్ధతి బాగా వాడుకలోకి వచ్చేదాకా ఈ బాధ తప్పలేదు.

ఇక మొదటి ప్రయాణం లెక్క చూద్దాం. మార్చి 20న బొంబాయిలో బయల్దేరి ఏప్రిల్ 22న సూయజ్ చేరింది. 33 రోజులు. అందులో ఓడ నడిచింది 21 రోజులే. మిగతా 12 రోజులు రేవుల్లో బొగ్గు ఎక్కించుకుంటూ ఆగే ఉంది. ఏడెన్‌లోనే ఐదారు రోజులు పట్టింది. అప్పటి ఏడెన్ పెద్ద పట్నమేమీ కాదు, కూలీలు దొరకడమే కష్టం. బుట్టల్లో, సంచుల్లో బొగ్గు పడవల మీదికి, పడవల నుంచి ఓడ మీదికి, మనుషుల వీపుల మీదే. ఆ ఎండలో, ఆ ధూళిలో పని చేసిన కూలీల పేర్లు, పొయ్యిల దగ్గర నిలబడి పారలతో బొగ్గు విసిరిన కళాసీల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. కమాండర్ పేరు మాత్రం మిగిలింది.

ఏడెన్‌లో ఆ బొగ్గు ఎలా వచ్చింది? ఇంగ్లండు గనుల్లోంచి తీసి, తెరచాప ఓడల్లో ఆఫ్రికా చుట్టూ తిప్పి బొంబాయి తెచ్చి, అక్కడి నుంచి మళ్లీ తెరచాప ఓడల్లో ముందుగానే ఎర్ర సముద్రం రేవులకు పంపి నిల్వ చేశారు. అంటే కేప్ దారి తప్పించడానికి పుట్టిన ఆవిరి ఓడ, ఆ కేప్ దారినే వచ్చిన బొగ్గు మీద బతికింది. అది ఒక్కసారి నడవాలంటే నెలల ముందు నుంచి నెమ్మదైన ఓడలు తిరగాలి. తపాలా రుసుము మీద వచ్చిన సొమ్ము ఈ బొగ్గు ఖర్చుకు దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఓడ తీసుకెళ్లింది కొన్ని వందల ఉత్తరాలు. లండన్‌లో డైరెక్టర్లు ఇది దండగ ఖర్చు అని తేల్చి, ఇలాంటి ప్రయాణాలు వద్దన్నారు. వాళ్లను పిసినారులని తీసిపారేయడం తేలిక, కానీ వాళ్ల లెక్క తప్పు కాదు. ఉత్తరం ముందుగా చేరడం వల్ల దేశానికి, వ్యాపారానికి కలిగే లాభం ఆ లెక్కలో ఏ గడిలోనూ పడదు, అంతే.

ఫలితం మాత్రం కళ్లెదుట ఉంది. ఆ ఓడ తీసుకెళ్లిన ఉత్తరాలు బొంబాయి నుంచి 59 రోజుల్లో లండన్ చేరాయి. ఓడ మే 29న బొంబాయికి తిరిగొచ్చింది. సరిగ్గా ఆ నెలలోనే, మే 18న, ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసులో పల్లకీ ఎక్కి కాశీకి బయల్దేరాడు. దారి పొడుగునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు తపాలాలో ఉత్తరాలు రాస్తూ పోయాడు, ఇల్లు చేరడానికి పదిహేను నెలలు దాటింది. నేల మీద బోయీలు, తపాలా మనుషుల కాళ్లు ఎంత వేగం వెళ్తే అంతే వేగమైన ఆ కాలంలో 59 రోజులంటే జనానికి ఎలా అనిపించి ఉంటుందో ఆలోచించండి.

అయితే ఈ 59 రోజుల్లో రెండో సగం పూర్తిగా అదృష్టం. 1830లో బ్రిటిష్ నౌకాదళపు ఆవిరి ఓడలు ఇంగ్లండు నుంచి మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవి దాకా తపాలా మోయడం మొదలుపెట్టాయి గానీ, అలెగ్జాండ్రియా దాకా రావడం 1835లోనే. మధ్యలో ఈజిప్టు తీరంలో ఉత్తరం ఏ సరుకు ఓడ దొరుకుతుందా అని కాచుకుని కూర్చునేది. థామస్ వాగ్‌హార్న్ అనే ఆయన ఈ లంకెను తానే కలపాలని తిరిగినవాడు. 1829 అక్టోబరులో లండన్ నుంచి బయల్దేరి డిసెంబరు 8న సూయజ్ చేరాడు. అక్కడికి రావాల్సిన ఎంటర్‌ప్రైజ్ అనే ఆవిరి ఓడ రాలేదు. ఊరుకోకుండా పైకప్పు లేని పడవ ఒకటి మాట్లాడుకుని ఎర్ర సముద్రంలో జెడ్డా దాకా వెళ్లాడు. ఎర్ర సముద్రం పని మీద ఉన్న కంపెనీ ఓడ థెటిస్ ఆయన్ను ఎక్కించుకుంది. బొంబాయి చేరింది మార్చి 20 ప్రాంతంలో, అంటే హ్యూ లిండ్సే బయల్దేరిన రోజుల్లోనే. ఇద్దరిదీ ఒకే దారి, ఒకే ఉద్దేశం, ఎదురెదురుగా దాటుకున్నారు.

ఆ దారిన వెళ్లిన ఉత్తరాల్లో కొన్ని ఇప్పటికీ సేకరణల్లో ఉన్నాయి. మడిచిన కాగితం మీద ఉలితో పొడిచినట్టు రెండు మూడు సన్నటి కోతలు కనబడతాయి. ఎవరో దొంగతనంగా తెరవబోయిన గుర్తులు కావవి. తూర్పు నుంచి వచ్చే కాగితంతో పాటు ప్లేగు వస్తుందని మాల్టాలో భయం. క్వారంటీన్ కేంద్రంలో ప్రతి ఉత్తరానికీ కోత పెట్టి, లోపలికి పోయేలా గంధకం పొగ పట్టించి, అప్పుడు వదిలేవారు. బొగ్గు పొగతో మొదలైన ప్రయాణంలో అదొక మజిలీ.

ఇంత జరిగాక ఓడ క్రమం తప్పకుండా తిరిగిందనుకుంటాం. తిరగలేదు. రెండో ప్రయాణం 1830 డిసెంబరులో, పదవి దిగిన మాల్కం స్వయంగా అందులోనే ఇంటికి వెళ్లాడు. ఆ తర్వాత రెండు మూడేళ్లు దాదాపు ఏడాదికి ఒకసారి. నైరుతి రుతుపవనాల నాలుగు నెలలు అసలు ప్రశ్నే లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ గాలికి ఎదురెళ్లాలంటే 160 గుర్రాల శక్తి చాలదు, బొగ్గు సగం దారిలోనే అయిపోతుంది. రుతుపవనాల్లోనూ నడిచే దారి కోసం 1834లో పార్లమెంటు కమిటీ కూర్చుని, యూఫ్రటీస్ నది మీదుగా వెళ్లవచ్చేమో చూడమంది. కర్నల్ చెస్నీ రెండు ఆవిరి పడవలతో వెళ్లాడు, 1836 మేలో వాటిలో ఒకటి తుఫానుకు మునిగిపోయింది. ఆ ఆలోచన అక్కడితో దాదాపు ముగిసింది. హ్యూ లిండ్సేను కూడా క్రమంగా పర్షియన్ గల్ఫ్ వైపు పనులకు మళ్లించారు.

దాని స్థానంలో 1837లో ఇంగ్లండు నుంచి అటలాంటా, బెరెనీస్ వచ్చాయి. ఇవి 600 టన్నుల పైచిలుకు, ఇంజన్ శక్తి 200 గుర్రాలు దాటింది. అదే ఏడాది లండన్ ప్రభుత్వం, కంపెనీ ఖర్చు పంచుకోవడానికి ఒప్పుకున్నాయి. నెలనెలా తపాలా మొదలైంది. నా దృష్టిలో అసలు మలుపు 1830 కాదు, ఇది. ఖర్చు ఎవరు పెట్టాలన్న ప్రశ్న తేలాకే ఓడ నడిచింది.

బొగ్గు ప్రశ్న మాత్రం తుపాకులతో తేల్చారు. నెలనెలా ఓడ నడవాలంటే ఏడెన్ లాంటి చోట నిల్వ ఉండాలి, దానికి కాపలా ఉండాలి. 1837లో యాత్రికులతో జెడ్డా వెళ్తున్న ఒక ఓడ ఏడెన్ దగ్గర ఒడ్డుకు కొట్టుకుపోయింది, ఓడను దోచుకున్నారు, ఎక్కినవాళ్లను అవమానించారు. ఆ ఓడ మన మద్రాసు నవాబు కుటుంబానిది, పేరు దరియా దౌలత్, మీద బ్రిటిష్ జెండా. ఈ సాకు చూపించి ఇండియన్ నేవీ కెప్టెన్ హెయిన్స్ 1839 జనవరి 19న ఏడెన్‌ను పట్టుకున్నాడు. యాత్రికులకు జరిగింది నిజంగానే ఘోరం. కానీ అది జరగకపోయినా ఏడెన్ మీదికి ఎవరో ఒకరు వచ్చేవాళ్లే. ఒక ఊరి స్వాతంత్ర్యం పోవడానికి ఓడ కొట్టంత బొగ్గు కారణం కావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆ తర్వాత దాదాపు వందేళ్లు ఏడెన్ ఇండియా పాలన కిందే ఉంది.

బొంబాయి–సూయజ్ తపాలా 1854 దాకా ఇండియన్ నేవీ చేతిలో ఉండి, ఆ ఏడాది పీ అండ్ ఓ అనే ప్రైవేటు ఓడల కంపెనీకి వెళ్లింది. యుద్ధం వస్తే నౌకాదళపు ఓడ యుద్ధానికి పోతుంది, అప్పుడు ఉత్తరాలు ఆగిపోతాయి. రెండు పనులు ఒకే ఓడ చేయలేదని అర్థమవడానికి పాతికేళ్లు పట్టింది. ఇండియన్ నేవీనే 1863లో రద్దు చేశారు.

తూర్పు తీరానికి మాత్రం పీ అండ్ ఓ ముందే వచ్చింది. 1842లో సౌతాంప్టన్ నుంచి బయల్దేరిన హిందోస్థాన్ అనే ఓడ, 520 గుర్రాల శక్తిది, మరుసటి ఏడాది నుంచి కలకత్తా, మద్రాసు, సింహళం, సూయజ్ మధ్య తిరిగింది. మద్రాసుకు అప్పుడు రేవు కట్టు లేదు. ఇంత పెద్ద పొగ ఓడ వచ్చి అలలకు దూరంగా లంగరు వేస్తే, ఒడ్డు నుంచి మసూలా పడవలు వెళ్లేవి. ఒక్క మేకు లేకుండా పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టిన పడవలవి, అల కొడితే విరగకుండా వంగేవి. లండన్‌లో రాసిన ఉత్తరం ఎడారి దాటి, రెండు ఆవిరి ఓడలు మారి వచ్చి, ఆఖరికి ఆ కుట్టు పడవలో తెడ్డు వేసేవాళ్ల పాట మధ్య, తడవకుండా ఎత్తిపట్టిన సంచిలో మద్రాసు ఇసుక మీద దిగేది.